మొలకలు మూడు, తోబుట్టువులు నలుగురు

బరంపురం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వాళ్ల పుట్టిల్లు పర్లాకిమిడి. నాన్న ఎప్పుడో పోయారు, పోయిన శ్రావణంలో అమ్మ కూడా పోయింది. తోబుట్టువులు నలుగురు. అప్ప, అంటే అక్క, కోరాపుట్‌లో, అన్నయ్య విశాఖపట్నంలో, తమ్ముడు రాయగడలో ఉంటారు. కార్తీకంలో ఇల్లు అమ్మేశారు. ఈవిడకి ఇష్టం లేదు, మిగతా ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే సంతకం పెట్టేశారు. తాళాలు ఇచ్చే రోజు పెరట్లో నూతి పక్కన అమ్మ నాటిన పామ్ గుబురు కింద రాలిన పళ్లు కొంగులో ఏరుకుని వచ్చారు. లెక్కపెడితే 70 ఉన్నాయి. ఆ రాత్రే ముగ్గురికీ ఫోన్ చేసి, సంవత్సరీకం నాటికి అమ్మ చెట్టు నుంచి తలో మొక్కా ఇస్తానని మాటిచ్చేశారు.

48 గింజలు ఐస్‌క్రీమ్ డబ్బాల్లో తోటమట్టి పోసి, తొక్కతోనే పెట్టారు. మిగతా 22 కాగితంలో చుట్టి దేవుడి గూట్లో ఉంచారు. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఏమీ లేదు. తర్వాత ఒక్కొక్కటిగా తొమ్మిది మొలిచాయి. నాలుగు మొదలు దగ్గర నల్లబడి పడిపోయాయి, రెండు మేడ మీద ఎండలో పెడితే తెల్లబడి ఎండిపోయాయి, మూడు మిగిలాయి. మధ్యలో ఆత్రం పట్టలేక ఓ పది గింజలు తవ్వి చూసి, చచ్చిపోయాయనుకుని పారేశారు. వాళ్లమ్మాయి సరదాగా తడి టిష్యూలో పెట్టిన ఖర్జూరం గింజలు మాత్రం మూడు వారాల్లో మొలిచాయి. "అమ్మ చెట్టు నా చేతిలోనే ఎందుకు మొలవలేదు" అని రాశారు, ఆ వాక్యం దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. ఇంట్లో ఆయనేమో "ఇంత టెన్షన్ ఎందుకు, నర్సరీలో నాలుగు కొని అమ్మ చెట్టువే అని ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తుంది" అంటున్నారట. అది తప్పా అని అడిగారు. ఇంట్లో పిల్లి ఉంది, మొక్కలు కొరికితే ప్రమాదమా అని కూడా.

చూడండమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క పని. ఆ డబ్బాలు పారెయ్యకండి. మీ లెక్క ప్రకారం ఇంకా 29 గింజలు మట్టిలో ఉన్నాయి. వాటికి అసలు కాలం ఇప్పుడే మొదలైంది.

మీ అమ్మగారు దాన్ని పోకచెట్టు అనేవారని రాశారు. ఒకే మొదలు నుంచి పదీ పన్నెండు కాడలు, వాటి మీద వెదురుకున్నట్టు కణుపులు, పసుపు తిరిగిన మట్టలు, ఇవి నర్సరీల వాళ్లు అరేకా పామ్ అనే మొక్క గుర్తులు. పోకచెట్టు ఒంటి మానుగా నిటారుగా పోతుంది, దాని కాయే వక్క. ఒకప్పుడు పుస్తకాల్లో కూడా మీ అరేకా పామ్‌ని పోక జాతి పేరుతోనే అరేకా లూటెసెన్స్ అని రాసేవారు, ఆ పాత పేరు నర్సరీల్లో అలా ఉండిపోయింది. దీని సొంత ఊరు మడగాస్కర్ ద్వీపం. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే ఆ గింజకి వెచ్చదనం కావాలి, 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా మొలుస్తుంది, చలి తగిలితే కదలకుండా కూర్చుంటుంది. మీరు పెట్టింది కార్తీకంలో. ఆ తర్వాత మూడు నెలలూ రాత్రిళ్లు చల్లగా ఉండేవే. ఫిబ్రవరి నెలాఖరున ఎండ ముదిరాక తొమ్మిది లేచాయంటే అవి మీ చేతికి ఎదురు తిరగలేదు, వేడి కోసం చూశాయి, అంతే. ఇప్పుడు చైత్రం, బరంపురంలో గది లోపలే 30 డిగ్రీలు దాటుతుంది.

ఖర్జూరంతో పోల్చుకుని బాధపడకండి. ఖర్జూరం మొండిది, ఎండిన గింజ నెలల తర్వాత కూడా లేస్తుంది. అరేకా గింజ ఎండితే చాలావరకు ప్రాణం పోతుంది. మొలిచే తీరు కూడా వేరు. మన వైపు తాటి టెంకలు పాతర వేసి తేగలు తీస్తాం కదా, టెంక పైన ఉంటుంది, మొలక భూమిలోకి దిగి అక్కడ తేగ కడుతుంది. ఖర్జూరం కూడా చిన్నపాటి అలాంటి దారే పడుతుంది, గింజకి దూరంగా వచ్చి ఆకు తీస్తుంది. అరేకా అలా దూరం పోదు. గింజ పక్కనే బియ్యపు గింజంత తెల్లని బొడిపె వస్తుంది, అందులోంచి ఒక ముల్లు పైకి, ఒక వేరు కిందికి. ఆ బొడిపె దశలో వేలితో కదిపితే చాలు, పుటుక్కున ఊడి వస్తుంది. మీరు తవ్విన పదింట్లో కొన్ని అలా పోయి ఉండొచ్చు. అది తిరిగి రాదు, ఇక మీదట తవ్వకండి.

బతికి ఉన్నాయో లేదో తెలుసుకోవాలనుంటే ఒక గింజని బలి ఇవ్వాలి. ఒక్కో డబ్బా నుంచి ఒకటి తీసి, నీళ్లలో కడిగి, అడకత్తెరతో రెండుగా కొయ్యండి. లోపల ముదురు కొబ్బరిలా గట్టిగా, తెల్లగా ఉండి, గోరుతో నొక్కితే దిగకపోతే ఆ డబ్బాలో ఆశ ఉన్నట్టు. గోధుమరంగు తిరిగి మెత్తగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా, లోపల బోలుగా ఉన్నా అది పోయినట్టు. ఒక్క గింజని చూసి మొత్తం డబ్బాకి తీర్పు చెప్పలేం కానీ మీ మనసుకి కొంత దారి దొరుకుతుంది. దేవుడి గూట్లోని 22 గురించి మీకు తియ్యటి మాట చెప్పలేను. ఐదు నెలలు కాగితంలో ఎండిన గింజలు అవి. రెండు కోసి చూడండి, లోపల ముడుచుకుపోయి ఉంటే మిగతావి అక్కడే అమ్మ గుర్తుగా ఉంచుకోండి. గట్టిగా ఉంటే మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మిగతావాటితో పాటే వెయ్యండి.

మిగిలినవాటిని ఆ తోటమట్టిలోంచి బయటికి తియ్యాలి. ఇప్పుడే తవ్వొద్దన్నాను కాబట్టి, ఇది ఎలా చెయ్యాలో చెబుతాను. డబ్బాని అలాగే బకెట్ నీళ్లలో ముంచండి, మట్టి కరిగి దానంతట అదే విడిపోతుంది, గింజలు చేతికి వస్తాయి. ఇంకా అంటుకుని ఉన్న తొక్క, పీచు మెల్లగా తీసెయ్యండి. ఆ కండ కుళ్లితే బూజు వస్తుంది, మొలకెత్తడాన్ని అది ఆపుతుంది కూడా. బొడిపె కనిపించినవి వేరే పెట్టండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక తెచ్చి నానబెట్టి, రెండు మూడు నీళ్లలో కడిగి పిండండి, కొన్నిట్లో ఉప్పు ఉంటుంది, ఈ కడగడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. రెండు వంతుల పీట్‌కి ఒక వంతు ఏటి ఇసుక కలపండి. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. మూతున్న స్వీట్ డబ్బాలో పోసి, గింజలని సగం మునిగేలా అమర్చి, పైన పలచగా కప్పి, మూత పెట్టి గదిలో వెచ్చటి మూల ఉంచండి. మొలవడానికి వెలుతురు అక్కర్లేదు. వారానికి ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వండి. పైపైన చూడండి, వేలు పెట్టకండి. జూన్ నెలాఖరు దాకా ఇలా చూస్తే వచ్చేవి వచ్చేస్తాయి, అప్పటికీ కదలనివాటి మీద నేనైతే ఆశ పెట్టుకోను.

ఆ పోయిన ఆరు మొలకల గురించి. నాలుగు మొదలు దగ్గర దారంలా సన్నబడి నల్లగా అయి ఒరిగాయన్నారు, అది కుళ్లు. చిల్లు లేని డబ్బా, జిగట మట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు, మూడూ కలిస్తే జరిగేదే. మేడ మీద పెట్టిన రెండూ ఎండదెబ్బకి పోయాయి. గదిలో మొలిచిన ఆకుని ఒక్కసారిగా మేడ మీద ఎండలో పెడితే పసిపిల్లని ఎండలో కూర్చోబెట్టినట్టే. మిగిలిన మూడింటికీ తూర్పు కిటికీ చాలు, పొద్దుటి లేత ఎండ ఫర్వాలేదు, మధ్యాహ్నానికి పలచటి పరదా వెయ్యండి. అడుగున చిల్లున్న, వెడల్పు తక్కువ లోతు ఎక్కువ ఉన్న కుండీల్లో విడివిడిగా పెట్టండి. మార్చేటప్పుడు గింజ మొలకకి అంటుకునే ఉంటుంది, అనవసరం కదా అని దాన్ని తెంపకండి, ఇంకా కొన్ని నెలలు మొక్క దాన్నే తింటుంది. అందుకే రెండో ఆకు పూర్తిగా విప్పుకునే దాకా ఎరువూ అక్కర్లేదు. పైన అంగుళం లోపు మట్టి ఆరినట్టు అనిపిస్తేనే నీళ్లు, పోస్తే అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబొయ్యండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని రాశారు, ఆకుల కొసలు గోధుమరంగు అవుతున్నది బహుశా అందుకే. వానాకాలంలో చూరునీళ్లు పట్టి పొయ్యండి. ఎండాకాలంలో ఆకు అడుగున సన్నటి దుమ్ములాంటిది, సాలెగూడు పోగులు కనిపిస్తే ఎర్రనల్లి పట్టినట్టు, తడిగుడ్డతో ఆకు రెండు వైపులా తుడిస్తే మొదట్లోనే పోతుంది.

ఇప్పుడు మాట సంగతి.

శ్రావణానికి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ఎంత బాగా చూసినా మీ చేతిలో ఉండేది రెండుగా చీలిన ఆకు, దాని పక్కన మహా అయితే ఇంకో రెండు. నేను గింజ నుంచి పెంచిన అరేకాలు మొదటి ఏడాది నాలుగు ఆకులే వేశాయి, గుబురుగా కుండీ నిండి నలుగురికీ చూపించేలా అవ్వడానికి మూడేళ్లు పట్టింది. అంటే మీరు మాటిచ్చిన రోజునే అది సంవత్సరీకానికి అందే మాట కాదు. డెబ్బై గింజలూ మొలిచినా అందేది కాదు. తప్పు చేశానని మీరు పడుతున్న బాధలో పెద్ద భాగం ఇక్కడే తీసి పక్కన పెట్టొచ్చు.

కొని ఇవ్వడం తప్పేమీ కాదు. కడియం నుంచి లారీల్లో వచ్చే అరేకాలు మన ఊళ్లలోనూ దొరుకుతాయి, ఆరోగ్యంగా ఉంటాయి. నర్సరీలో కొన్నాను, అమ్మ చెట్టు జాతిదే అని చెప్పి ఇస్తే అందరూ సంతోషంగానే తీసుకుంటారు, సంవత్సరీకం రోజు చేతులు ఖాళీగా ఉండవు. అమ్మ చెట్టుదే అని చెప్పి ఇవ్వడం గురించే నా భయం. నర్సరీ కుండీలో పది పదిహేను మొలకలు గుత్తిగా పెట్టి పెంచుతారు, కొంచెం తెలిసినవాళ్లు మొదలు చూస్తేనే పోలుస్తారు. ఒకవేళ ఎవరూ పోల్చకపోయినా మీకు తెలుసు. అప్ప ఫోన్ చేసి "అమ్మ మొక్క కొత్త ఆకు వేసిందే" అని చెప్పిన ప్రతిసారీ మీరు ఊఁ కొట్టాలి. అది ఎండిపోతే ఆవిడ అమ్మనే మళ్లీ పోగొట్టుకున్నట్టు ఏడుస్తుంది, మీరు నోరు విప్పలేరు. మీ వారు మీ బాధ చూడలేక చెప్పిన సలహా అది, దానికి ఆయన మీద కోపం వద్దు. కానీ ఏళ్ల తరబడి ఆ మాటని మొయ్యాల్సింది మీరే.

ఇంకో దారి, ఉన్న మూడూ ముగ్గురికీ ఇచ్చేసి మీరు ఊరుకోవడం. ఉత్తరంలో మీ మొగ్గు దీని వైపే ఉన్నట్టు కనిపించింది. వినడానికి త్యాగంలా ఉంటుంది, మొక్కలకి మాత్రం ఇదే అన్నిటికంటే ప్రమాదం. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి చలికాలానికి ఒంటి ఆకు అరేకా తట్టుకోవడం కష్టం. విశాఖలో అన్నయ్యగారి హాల్లో రోజంతా ఏసీ అన్నారు, ఆ పొడిగాలి నేరుగా తగిలితే ఆకులు కొసల నుంచి ఎండుతాయి. బస్సు ప్రయాణం సరేసరి. ఏడాదిలో మూడూ పోతే ఎవరి ఇంట్లో పోయిందనే మాట కూడా పుడుతుంది, అది మీ నలుగురి మధ్యా ఇప్పటికే ఉన్న నొప్పికి తోడవుతుంది.

మూడో దారి, చెప్పేసి ఆగడం. వచ్చినవన్నీ మీ దగ్గరే కనీసం ఒకటిన్నర ఏడాది పెంచి, నాలుగైదు ఆకులు వచ్చాక, చలికాలం దాటాక ఎవరిది వాళ్లకి ఇవ్వడం. దీనికి ఒక్క ఫోన్ కాల్ కావాలి, అదే మీకు కష్టంగా ఉంది. "డెబ్బై తెచ్చాను, మూడు బతికాయి, ఇంకొన్ని చూస్తున్నాను, శ్రావణానికి ఇవ్వలేను, పెంచి ఇస్తాను" అంటే చాలు. మీ తమ్ముడు ఏమంటాడో నాకు తెలియదు కానీ, అప్పకి మీ మొలకల ఫోటో పంపితే రోజూ అడుగుతుందని మీ ఉత్తరంలో ఆవిడ గురించి రాసిన నాలుగు ముక్కలు చదివినా తెలుస్తోంది. మూడే మిగిలితే ఎవరికి అన్న ప్రశ్న కూడా మీరొక్కరే తేల్చక్కర్లేదు, నలుగురూ కలిసి తేల్చుకోండి. కోరాపుట్‌కి అరేకా సరిపడదని తెలిశాక అప్పే నాకొద్దు, నువ్వే ఉంచు, వచ్చినప్పుడు చూస్తాను అనొచ్చు. ఆవిడకి ఇంట్లో చిన్న పామ్ కావాలనే ఉంటే పార్లర్ పామ్ అని దొరుకుతుంది, మెక్సికో, గ్వాటెమాలా అడవుల నీడలో పెరిగేది, చిన్నగానే ఉంటుంది, తక్కువ వెలుతురుకీ కొంచెం చల్లదనానికీ ఓర్చుకుంటుంది.

ఇంకొకటుంది, అది మీకు ఎందుకు తట్టలేదో ఉత్తరం రెండోసారి చదివితే అర్థమైంది. ఆ చెట్టు ఇంకా అక్కడే ఉంది. కొన్నవాళ్లు వానాకాలం వెళ్లాక ఇల్లు పడగొట్టి కడతారట అని మీరే రాశారు. అంటే ఇప్పుడు వెళ్లి అడిగితే పళ్లూ దొరకొచ్చు, పిలకలూ దొరకొచ్చు. ఎలాగూ తీసేసే చెట్టు, అమ్మ గుర్తుగా రెండు పిలకలు కావాలంటే కాదనేవాళ్లు అరుదు. మీరు ఆ గుమ్మం మళ్లీ తొక్కడానికి భయపడుతున్నారు. తప్పు లేదు. కానీ సంతకం రోజు నుంచి మనసులో ఉన్న కోపం కూడా ఇందులో ఉందని నాకనిపించింది. ముగ్గురూ ఇల్లు వదిలేశారు, నేను మాత్రం చెట్టుని కాపాడి వీళ్లకి చూపిస్తాను అనే పట్టుదల. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని ఈ మూడు ఆకుల మీద పెట్టకండి, అవి చాలా చిన్నవి. ఇల్లు అమ్మినందుకు బాధపడ్డానని అన్నయ్యతో ఆ మాటగానే చెప్పండి, మొక్క ఇచ్చే రోజున కాకుండా వేరే రోజున.

మీరు వెళ్లలేకపోతే తమ్ముడు వెళ్లొచ్చు, రాయగడ నుంచి గుణుపురం మీదుగా పర్లాకిమిడి ఎంతసేపు. పళ్లు తెస్తే పసుపు తిరిగి మెత్తబడ్డవి, రాలి రెండు మూడు రోజులు దాటనివి తెమ్మనండి, ఆ రోజే తొక్క తీసి నీళ్లలో వెయ్యండి. పిలకలైతే జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక తియ్యాలి. గుబురు మధ్యలోవి జోలికి పోకుండా అంచున ఉన్న, మోకాలెత్తు మించని, రెండు మూడు కాడలు కలిసి ఉన్న ముక్క చూసుకోవాలి. ఒంటి కాడ చాలాసార్లు బతకదు. తోటపని తెలిసిన మనిషిని గునపంతో సహా పిలిస్తే మంచిది, చేత్తో లాగితే వేళ్లు తెగి పనికిరాకుండా పోతుంది. నాలుగు తీస్తే ఒకటో రెండో పోతాయనే లెక్కతోనే తియ్యండి. బతికినవి మాత్రం శ్రావణం నాటికి మీ మొలకల కంటే ఎత్తుగా, నిజంగా అమ్మ చేత్తో నాటిన మొక్కలోని ముక్కగా మీ ముందు ఉంటాయి. అప్పుడు మీ మూడు మొలకలు మీ కిటికీలో నింపాదిగా పెరగొచ్చు.

పిల్లి గురించి కంగారు వద్దు. అరేకా గానీ పార్లర్ పామ్ గానీ పిల్లులకి, కుక్కలకి విషం కాదు, కొరికితే మొక్కకే నష్టం. సాగో పామ్ అని అమ్మేదాన్ని మాత్రం ఇంట్లోకి తేవద్దు, పేరుకే పామ్, అసలు జాతి వేరు, దాని గింజలు పెంపుడు జంతువుల ప్రాణం తీస్తాయి.

తమ్ముడికి ఫోన్ చేసేటప్పుడు తడి గోనెసంచి తీసుకెళ్లమని గుర్తుగా చెప్పండి. పిలక తియ్యగానే వేళ్ల చుట్టూ మట్టితో సహా అందులో కట్టి, పొడుగు ఆకులు సగానికి కత్తిరించి, ఆ రాత్రికల్లా కుండీలో పెట్టి నీడన ఉంచాలి.